శాలువా కప్పే ముందు...

ఆ ఆదివారం మా సంఘంలో స్త్రీల ఆరాధన. ప్రారంభ ప్రార్థన మొదలుకొని వాక్యం వరకు అన్నీ స్త్రీలే నడిపించారు. ప్రసంగం ముగిశాక సన్మాన కార్యక్రమం జరిగింది. ఉద్యోగంలో రాణించి, పదిమందికీ సేవ చేసిన ముగ్గురు సోదరీమణులను పెద్దలు వేదిక మీదికి పిలిచారు. ఒకరు బ్యాంకు మేనేజరు. మరొకరు ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు. మూడో ఆమె ప్రభుత్వాసుపత్రిలో 34 ఏళ్లు పనిచేసి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేసిన పెద్దావిడ. శాలువాలు, పూలదండలు, మెమెంటోలు, ఫొటోలు... చప్పట్లతో మందిరం మారుమోగింది. వేదిక మీద ఒక కుర్చీలో మేమూ కూర్చుని చప్పట్లు కొట్టాం.

సన్మానం పొందినవారు రెండేసి మాటలు చెప్పాలన్నారు. మొదటి ఇద్దరూ దేవునికి, సంఘానికి కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నారు. నర్సమ్మ మైకు పట్టుకుని కాసేపు మౌనంగా నిలబడింది. తర్వాత నెమ్మదిగా ఇలా అంది:

“అయ్యగారికి, పెద్దలకు వందనాలు. ఈ శాలువా నాకు సంతోషమే. కాని ఒక్క మాట చెప్పనివ్వండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆదివారం డ్యూటీ పడితే గుడికి రాలేకపోయేదాన్ని. ఈ పిల్లకు ప్రభువు కన్నా జీతమే ఎక్కువైందని ఇదే గుడిలో అన్నారు. నైట్ డ్యూటీ చేసే పిల్ల మాకొద్దని రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. వాళ్లూ విశ్వాసులే. అప్పుడు ఒక్కరైనా నా పక్షాన మాట్లాడి ఉంటే, ఈ శాలువా ఆ రోజే కప్పినట్టుండేది.”

అంతే, వచ్చి కూర్చుంది. మందిరంలో ఎవరూ కదల్లేదు. భోజనాల దగ్గర ఒక పెద్దాయన, “సన్మానం చేస్తే ఇదా ఆమె చేసేది!” అని నొచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే మాకూ మొదట అలాగే అనిపించింది. కాని ఇంటికి చేరేదాకా ఆమె మాట మమ్మల్ని వదల్లేదు. ఎందుకంటే ఆమె చెప్పిన ఆ రోజుల్లో మేమూ అదే సంఘంలో యౌవనస్థులం. ఆ మాటలు మా చెవిన పడ్డాయి. విని నవ్వి ఊరుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం.

అడిగిన స్త్రీలు తప్పు చేశారా?

సన్మాన వేదిక మీద ఫిర్యాదు చేయడం తగదని మనలో చాలామంది అనుకుంటాం. అయితే సంఖ్యాకాండము 27వ అధ్యాయాన్ని ఒకసారి తెరవండి. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని వారి పేర్లన్నీ లేఖనం రాసిపెట్టింది. తండ్రికి కుమారులు లేనంత మాత్రాన ఆయన స్వాస్థ్యం తమకెందుకు రాకూడదని వారు మోషే ఎదుట, యాజకుని ఎదుట, సర్వసమాజం ఎదుట నిలబడి అడిగారు. మోషే ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసుకువెళ్లాడు. ఆ స్త్రీలు చెప్పింది న్యాయమేనని దేవుడు తేల్చాడు. అంతటితో ఆగలేదు. వారి మనవి ఇశ్రాయేలీయులందరికీ కట్టడగా మారింది.

కాబట్టి ఒక స్త్రీ నలుగురిలో నిలబడి తనకు అందనిదాన్ని గురించి మాట్లాడితే, ముందు చూడవలసింది ఆమె స్వరం ఎంత వినయంగా ఉందన్నది కాదు, ఆమె చెప్పింది న్యాయమా కాదా అన్నది.

సామెతల చివరి వచనం నేర్పే వరుస

స్త్రీలను సన్మానించే ప్రతి సభలోనూ మనం చదివే వాక్యభాగం సామెతలు 31వ అధ్యాయం. గుణవతియైన భార్య గురించిన ఆ భాగాన్ని పెండ్లిళ్లలో వింటాం, సమాధి కార్యక్రమాల్లోనూ వింటాం. అయితే ఆ భాగాన్ని ముగించే 31వ వచనంలోని వరుసను మనం గమనించామా? ఆమె చేతిపనికి తగిన ప్రతిఫలం ఆమెకు ఇవ్వాలన్నది మొదటి మాట. గవునుల దగ్గర ఆమె పనులే ఆమెను కొనియాడతాయన్నది రెండో మాట. ముందు ఇవ్వడం, తర్వాత పొగడడం. మనం చాలాసార్లు మొదటిదాన్ని దాటేసి రెండోదానికి వెళ్తున్నాం. పొగడ్తకు మైకు చాలు, శాలువా చాలు. ఇవ్వడానికి మాత్రం మన జేబు, మన సమయం, మన కుర్చీ ఏదో ఒకటి కదలాలి.

‘గవునులు’ అంటే పట్టణపు ద్వారాలు. ఆ కాలంలో అది వట్టి దారి కాదు. పెద్దలు కూర్చుని తగవులు తీర్చే చోటు, క్రయవిక్రయాలకు సాక్ష్యం పలికే చోటు. బోయజు రూతు విషయాన్ని తేల్చుకున్నది కూడా ఊరి గవిని దగ్గర పదిమంది పెద్దల ఎదుటనే (రూతు 4వ అధ్యాయం). నేటి మాటల్లో చెప్పాలంటే కమిటీ గది, పంచాయతీ ఆఫీసు, కోర్టు హాలు అన్నీ కలిసిన చోటు అది. ఆమె పని అక్కడ మాట్లాడాలన్నది లేఖనం మాట. వంటింటి గడప దగ్గర మెచ్చుకుంటే సరిపోదు. నిర్ణయాలు జరిగే చోట ఆమె పనికి విలువ కట్టాలి.

ఇంతకీ ఆ స్త్రీ చేసిన పనులేమిటి? పొలాన్ని చూసి తానే కొంటుంది. తన సంపాదనతో ద్రాక్షతోట నాటిస్తుంది. నారబట్టలు నేసి అమ్ముతుంది. వర్తకులకు నడికట్లు అప్పగిస్తుంది. దీనులకు చెయ్యి చాపుతుంది. ఉద్యోగం వేరు, సేవ వేరు అని లేఖనం గీత గీయలేదు. ఒకే జత చేతులు రెండూ చేశాయి. 18వ వచనంలో ఇంకో చిన్న వివరం ఉంది. రాత్రివేళ ఆమె దీపం ఆరదట! ఎన్నిసార్లు చదివామో గాని, ఆ దీపాన్ని చూసి ఆసుపత్రి వార్డులో రాత్రంతా మేలుకున్న నర్సమ్మ మాకు ఏనాడూ గుర్తుకు రాలేదు. రాత్రి పనిచేసే స్త్రీని లేఖనం మెచ్చుకుంటోంది. మనం ఆ కారణం చేతనే సంబంధం వద్దనుకున్నాం.

గుంటూరుకు టీచరుగా వచ్చిన డాక్టరు

రావలసిన గౌరవం ఆలస్యమైనా పని ఆపని ఒక స్త్రీ చరిత్ర మన తెలుగు నేల మీదనే ఉంది. గుంటూరు వెళ్లి కుగ్లర్ ఆసుపత్రి ఎక్కడని అడిగితే చాలు, దారి చూపిస్తారు. ఆ పేరు డాక్టర్ అన్నా సారా కుగ్లర్ది. ఆమె 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టింది. 1879లో అక్కడి మహిళా వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకుంది. స్త్రీలు డాక్టరీ చదవడమే వింతగా ఉన్న కాలం అది. భారతదేశంలోని స్త్రీలకు వైద్యం చేయడానికి తనను పంపమని లూథరన్ మిషన్ స్త్రీల సమాజాన్ని అడిగింది. వైద్యసేవకు తామింకా సిద్ధంగా లేమన్నారు వారు. టీచరుగా అయితే పంపుతామన్నారు.

డాక్టరు పట్టా చేతబట్టుకుని ఆమె 1883లో టీచరుగానే గుంటూరులో అడుగుపెట్టింది. పరదాల చాటున ఉండే స్త్రీలకు చదువు చెప్పడం ఆమెకు అప్పగించిన పని. కాని ఆ ఇళ్లలో ఆమెకు కనిపించింది ఏమిటి? పురుష వైద్యులకు చెయ్యి కూడా చూపించని ఆచారం వల్ల కాన్పుల్లో, జ్వరాల్లో మౌనంగా ప్రాణాలు వదిలే తల్లులు. ఆమె పాఠాలూ చెప్పింది, మందులూ ఇచ్చింది. రెండేళ్లు గడిచాక, 1885లో ఆమెను వైద్య మిషనరీగా అధికారికంగా నియమించారు. ఆసుపత్రి కట్టడానికి ఇంకా పుష్కరం పైనే పట్టింది. 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆ ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. 1905లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1930లో ఆమె గుంటూరులోనే ప్రభువు సన్నిధికి చేరింది.

పతకం వచ్చింది. ఆసుపత్రికి ఆమె పేరూ నిలిచింది. మంచిదే. కాని ఆమెకు పతకం కన్నా ముందు కావలసింది ఏమిటి? “నీవు చదివిన చదువును వాడుకో, మేము నీ వెనక ఉన్నాం” అన్న ఒక్క మాట. ఆ మాట 1883లోనే వచ్చి ఉంటే గుంటూరులో ఇంకెందరు తల్లులు బతికి బిడ్డలను ఎత్తుకునేవారో! స్త్రీకి ఇవ్వవలసింది ఆలస్యమైతే నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు. ఆమె చేతి పని అందవలసిన వారందరూ నష్టపోతారు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. చివరికి ఆమెను డాక్టరుగా నియమించినదీ ఆ మిషనే. అక్కడి సంఘాల్లో స్త్రీలు పోగుచేసిన కానుకలే ఆమె సేవను నిలబెట్టాయి. ఆలస్యంగా కళ్లు తెరిచిన సంఘాన్ని కూడా దేవుడు వాడుకుంటాడు. అది మనకు ఆదరణ. అయితే ఆలస్యానికి అది సాకు కాకూడదు.

పువ్వు మిగిలింది, పని మరుగైంది

ఏటా మే నెల రెండో ఆదివారం మన సంఘాలు చాలావాటిలో తల్లుల దినం జరుపుకుంటారు. తల్లులకు పువ్వు ఇస్తారు, పిల్లలు పాట పాడతారు. ఈ ఆచారం ఎలా మొదలైందో మనలో ఎంతమందికి తెలుసు? ఇది సన్మానం దారి తప్పిన కథ.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా కొండ ప్రాంతంలో ఆన్ రీవ్స్ జార్విస్ అనే తల్లి ఉండేది. ఆమెకు పుట్టిన బిడ్డల్లో ఎక్కువమంది పసితనంలోనే పోయారు. నలుగురే పెరిగి పెద్దవారయ్యారు. ఆ తల్లి కడుపుకోతతో మంచం పట్టలేదు. 1858లో తన చుట్టుపక్కల ఊళ్లలో తల్లుల సంఘాలు ఏర్పాటు చేసింది. పిల్లలను పొట్టన పెట్టుకునే జబ్బులు మురికి నుంచి, చెడిన పాల నుంచి వస్తున్నాయని గ్రహించి, ఇంటింటికీ శుభ్రత నేర్పించింది. మందులు కొనడానికి డబ్బు పోగుచేయించింది. తల్లి క్షయతో మంచాన పడిన ఇళ్లలో పనికి మనుషులను పెట్టించింది. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చినప్పుడు ఆ సంఘాల స్త్రీలు రెండు పక్షాల సైనికులకూ పరిచర్య చేశారు. ఆదివారాల్లో ఆమె సండే స్కూలు టీచరు.

1905లో ఆమె మరణించింది. మూడేళ్ల తర్వాత, 1908 మే 10న, గ్రాఫ్టన్ అనే ఊరిలో ఆమె పాఠాలు చెప్పిన మెథడిస్టు మందిరంలోనే కుమార్తె అన్నా జార్విస్ జ్ఞాపకార్థ ఆరాధన జరిపించింది. ఆ రోజు మందిరానికి 500 తెల్లని కార్నేషన్ పువ్వులు పంపింది. 1914లో అమెరికా ప్రభుత్వం దాన్ని జాతీయ దినంగా ప్రకటించింది. తర్వాత ఏమైంది? పువ్వుల వ్యాపారులు, కార్డుల కంపెనీలు, మిఠాయి దుకాణాలు ఆ దినాన్ని తమ పండుగగా మార్చేసుకున్నాయి. ఆ పోకడ మీద అన్నా జార్విస్ ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి తాను మొదలుపెట్టిన దినాన్నే రద్దు చేయాలని సంతకాలు సేకరించింది. 1948లో ఆమె కన్నుమూసింది. ఆ దినం మాత్రం అలాగే సాగుతోంది.

గమనించారా? పసిపిల్లల ప్రాణాల కోసం ఊరూరా తిరిగిన ఒక స్త్రీ సేవను గుర్తు చేయడానికి ఒక మందిరంలో మొదలైన దినం అది. పువ్వు మిగిలింది, పని మరుగైంది. మన సన్మానాలకూ ఈ ప్రమాదమే పొంచి ఉంది. శాలువా ఖరీదు ఏటా పెరుగుతుంది. ఆ సోదరి ఏం చేసిందో, దానికోసం ఏం పోగొట్టుకుందో చెప్పే మాటలు ఏటా తగ్గిపోతాయి.

గౌరవ వేతనం

తెలుగులో ఒక విచిత్రమైన మాట ఉంది: ‘గౌరవ వేతనం’. జీతం ఇవ్వలేని చోట, లేదా ఇవ్వడం ఇష్టం లేని చోట మనం వాడుకునే మాట అది. అందులో గౌరవం పేరులో ఉంటుంది, వేతనం మాత్రం పేరుకే ఉంటుంది.

ఆశా కార్యకర్తలను చూడండి. గర్భిణిని ఆసుపత్రికి తీసుకువెళ్లేది వారే. టీకాల రోజున ఇంటింటికీ తిరిగేదీ వారే. కరోనా కాలంలో తలుపు తట్టి జ్వరం ఉందా అని అడిగిందీ వారే. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని పది లక్షల మందికి పైగా ఉన్న ఆశా కార్యకర్తలను అంతర్జాతీయ పురస్కారంతో గౌరవించింది. దేశమంతా గర్వించింది. కాని పథకం నిబంధనల్లో వారు ఉద్యోగులు కారు, స్వచ్ఛంద కార్యకర్తలు. చేసిన పనికి ప్రోత్సాహకం, దానితో పాటు గౌరవ వేతనం. తమను ఉద్యోగులుగా గుర్తించమని వారు రోడ్డెక్కి అడుగుతూనే ఉన్నారు.

2020 మార్చి 22 సాయంత్రం కూడా మనకు గుర్తుండే ఉంటుంది. డాక్టర్లకు, నర్సులకు కృతజ్ఞతగా దేశమంతా గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టింది, పళ్లేలు మోగించింది. మేమూ మా మేడ మీద నిలబడి చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత కొన్ని రోజులకే, వైరస్ తెస్తారన్న భయంతో నర్సులను, డాక్టర్లను అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్న వార్తలు దేశంలో పలుచోట్ల నుంచి వచ్చాయి. వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే ఏడేళ్ల వరకు జైలు పడేలా 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. చప్పట్లు కొట్టిన చేతులతోనే తలుపులు మూశాం. సామెతల గ్రంథం చెప్పిన వరుస తప్పితే జరిగేది ఇదే.

లోకాన్ని అనడం తేలిక. మన గడపలో చూసుకుందాం. ఎన్ని సంఘాల్లో బైబిలు స్త్రీ ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగి ప్రార్థిస్తూ, రోగులను పరామర్శిస్తూ, చేతికి వచ్చిన చిన్న మొత్తంతో సరిపెట్టుకోవడం లేదు? ఎంతమంది తల్లులు వంట చేసేటప్పుడల్లా గుప్పెడు బియ్యం తీసిపెట్టి సంఘ ఖజానా నింపడం లేదు? ఆ బియ్యం సొమ్మును దేనికి ఖర్చు పెట్టాలో తేల్చే బల్ల చుట్టూ మాత్రం ఆ తల్లుల్లో ఎంతమంది కూర్చుంటున్నారు? అపొస్తలుడైన యాకోబు పనివారికి బిగబట్టిన కూలి మొరపెడుతుందని హెచ్చరించాడు (యాకోబు 5:4). ఆ మొర పొలం నుంచే వస్తుందని అనుకుంటే పొరపాటు. ఒక్కోసారి అది మందిరం వెనక గది నుంచి కూడా వస్తుంది.

పౌలు చేసిన సన్మానం

మరి సన్మానం ఎలా చేయాలి? అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయం మనకు మాదిరి. చాలామంది ఆ అధ్యాయాన్ని పేర్ల పట్టిక అనుకుని దాటేస్తారు. నిదానంగా చదవండి. ఫీబే, ప్రిస్కిల్ల, మరియ, యూనీయ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు, రూఫు తల్లి, జూలియ, నేరియ సహోదరి... పదిమంది స్త్రీలు కనిపిస్తారు. చాలామందిని పేరుపెట్టి పలికాడు. ప్రభువు పనిలో ప్రయాసపడినవారు అని కొందరిని గురించి ప్రత్యేకంగా చెప్పాడు. ప్రిస్కిల్ల తన భర్తతో కలిసి తన ప్రాణం కోసం ప్రాణానికి తెగించిందని చెప్పాడు. రూఫు తల్లి తనకూ తల్లేనన్నాడు. ఎవరు ఏం చేశారో చెప్పి మరీ వందనం చేయడం పౌలు పద్ధతి.

ఫీబే విషయంలో ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఆమె కెంక్రేయ సంఘంలో పరిచారకురాలు. అనేకులకు, తనకు కూడా సహాయం చేసిందని పౌలు సాక్ష్యమిచ్చాడు. అంతటితో వదలకుండా, ఆమెకు ఏ పనిలో మీ అవసరం ఉంటే ఆ పనిలో సహాయం చేయండని రోమా సంఘాన్ని కోరాడు (రోమీయులకు 16:1, 2). చూశారా! ఇది పదవీ విరమణ సభ కాదు. ఫీబే ఇంకా పనిలో ఉంది, ప్రయాణంలో ఉంది. పని నడుస్తున్నప్పుడే ఆమెకు గౌరవమూ అందింది, తోడ్పాటూ అందింది.

యొప్పేలో దొర్కా కథ కూడా ఇదే చెబుతుంది (అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం). ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రందరూ ఏడుస్తూ వచ్చి, ఆమె తమకు కుట్టిచ్చిన అంగీలను, వస్త్రాలను పేతురుకు చూపించారు. ఆమె గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఆమె పనే ఆమెను కొనియాడింది. పేతురు ప్రార్థించి ఆమెను లేపి ఆ విధవరాండ్రకు అప్పగించాడు. దొర్కాకు దక్కిన ఘనమైన సన్మానం, ఆమె తిరిగి తన వాళ్ల మధ్య లేచి కూర్చోవడమే.

మనం చేయగలిగినవి

సంఘ నాయకత్వంలో స్త్రీల స్థానం గురించి మన సంఘాల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. దక్షిణ ఇండియా సంఘం స్త్రీలకు గురుత్వాభిషేకం ఇస్తోంది. 2013 సెప్టెంబరు 30న ఎగ్గోని పుష్పలలితగారు నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్పుగా అభిషిక్తురాలయ్యారు. ఆ సంఘ చరిత్రలో తొలి మహిళా బిషప్పు మన తెలుగు నేల మీదనే నిలబడడం మనకు సంతోషం. కొన్ని సంఘాలు లేఖనాన్ని వేరుగా అర్థం చేసుకుని ఆ దారిన నడవడం లేదు. ఆ వివాదాన్ని ఈ చిన్న వ్యాసంలో తీర్చబోవడం లేదు. కాని అందరం ఒప్పుకోగలిగినవి, రేపే మొదలుపెట్టగలిగినవి కొన్ని ఉన్నాయి.

డ్యూటీ వల్ల ఆదివారం ఉదయం రాలేని సోదరీమణుల కోసం సాయంత్రం ఒక చిన్న ఆరాధన పెట్టవచ్చు. ప్రభువు బల్లను వారికీ అందేలా చూడవచ్చు. బైబిలు స్త్రీకి, మందిరం ఊడ్చే తల్లికి ఇచ్చేది వారి కుటుంబం బతకడానికి చాలుతుందా అని కమిటీ ఒక సాయంత్రం కూర్చుని లెక్క వేయవచ్చు. స్త్రీల కానుకలు దేనికి ఖర్చు కావాలో స్త్రీల సమాజాన్నే అడగవచ్చు. డబ్బు చాలక నర్సింగో, ఇంజనీరింగో మధ్యలో ఆపేయబోతున్న ఆడపిల్లకు ఆ ఏడాది ఫీజు కట్టవచ్చు. ముప్పై ఏళ్ల తర్వాత వేసే దండ కన్నా అది ఎక్కువ సన్మానం.

ఇంట్లోనూ చేయవలసినవి ఉన్నాయి. భార్య ఉద్యోగం నుంచి అలసి వస్తే ఆ పూట అన్నం వండి ఉంచే భర్త సామెతలు 31ని ప్రసంగించకుండానే ప్రసంగించినవాడవుతాడు. కోడలి జీతం తీసుకుంటూ, ఆమె ఆలస్యంగా వచ్చిందని గుమ్మంలో నిలదీసే అత్తమామలు మాత్రం ఆ వచనాన్ని ఇంకా చదవనట్టే. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు “నర్సా? నైట్ డ్యూటీలా?” అని ముఖం తిప్పుకునే ముందు, రాత్రి ఆరని ఆ దీపాన్ని గుర్తు చేసుకుందాం. మన తల్లి ఐ.సి.యు.లో ఉన్న రాత్రి ఆ దీపం కోసమే కదా మనం ప్రార్థించేది!

ఇవన్నీ చేశాక శాలువా కప్పితే ఎంతో బాగుంటుంది. సన్మానం వద్దని మేము అనడం లేదు. ఘనత ఎవరికి చెల్లాలో వారికి ఘనత చెల్లించమనే వాక్యం చెబుతోంది (రోమీయులకు 13:7). అయితే అదే వచనంలో పన్ను, సుంకం కూడా ఎవరివి వారికి చెల్లించమని ఉంది. ఘనత కూడా ఒక బాకీయే. గడువు దాటాక బాకీ తీర్చి, దాన్ని బహుమానం అని పిలవకూడదు.

ఆమె గుమ్మంలో

ఆ తర్వాతి వారం మేము నర్సమ్మ ఇంటికి వెళ్లాం. “అమ్మా, ఆ రోజుల్లో ఆ మాటలు విని ఊరుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం. క్షమించండి” అన్నాం. ఆమె కాసేపు మా ముఖంలోకి చూసింది. “నాకు తెలుసు బాబూ, నాకు అందరి ముఖాలూ గుర్తే” అంది. ఆ మాటకు మా తల వంగిపోయింది. టీ తెచ్చి ఇచ్చింది. తర్వాత, “నా మనవరాలు నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఈ ఆదివారం దానికి వార్డు డ్యూటీ. గుడికి రాలేదు. మీరు ప్రార్థన చేసేటప్పుడు దాని పేరు చెప్పండి, అది చాలు” అంది.

ఆ ఆదివారం మధ్యవర్తిత్వ ప్రార్థనలో ఆ అమ్మాయి పేరు చదివారు. ఆమెతో పాటు ఆ ఉదయం డ్యూటీలో ఉన్న మరో ఐదుగురి పేర్లు కూడా. ఇద్దరు నర్సులు, ఒక మహిళా కానిస్టేబులు, ఒక ఆర్టీసీ కండక్టరు, మున్సిపాలిటీలో వీధులు ఊడ్చే ఒక తల్లి. గుడికి రానివారి పేర్లు అంతకుముందు కూడా మేము విన్నాం, కాని గొణుగుడులో. ప్రార్థనలో వినడం అదే మొదటిసారి. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ పట్టిక చదువుతున్నారు.

నర్సమ్మ మూడో వరుసలో కూర్చుంటుంది. సన్మానం నాటి శాలువాను ఆమె ఇంకా కప్పుకోలేదు. మనవరాలు మొదటి నైట్ డ్యూటీకి వెళ్లే రోజున దానికి కప్పుతానని దాచిపెట్టింది. ఎప్పుడు కప్పాలో మా అందరి కన్నా ఆమెకే బాగా తెలుసు.

మన ఇళ్లలో, మన సంఘాల్లో రాత్రింబవళ్లు కష్టపడే తల్లులకు, కుమార్తెలకు రావలసింది సకాలంలో ఇచ్చే మనసు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.